సున్నా బోర్డు కింద పుట్టిన పిల్ల

నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పాతకాలపు సంగతులు చెప్పమంటారు. వాళ్ళు ఎదురుచూసేది బొగ్గుబాయి ప్రమాదాలు, స్ట్రెచర్లు, ఉరుకులు పరుగులు. నేను మాత్రం ఒక బోర్డు గురించి మొదలుపెడతాను. ముఖాలు కాస్త చిన్నబోతాయి. అయినా వింటారు, టీ పెట్టేది నేనే కదా.

డెబ్బయ్యో దశకం నడిమి రోజులు. వరంగల్లో నర్సింగు చదువు ముగించుకుని గోదావరిఖని దగ్గర ఒక చిన్న కాన్పుల దవాఖానలో చేరాను. అది ఎవరిదన్నది ఇప్పుడు అనవసరం, ఆ కట్టడం కూడా ఇప్పుడు లేదు. చేరిన రోజున లోపలికి వెళ్ళబోతుంటే వార్డు తలుపు పక్కన నల్లటి చెక్క బోర్డు కనిపించింది. దాని మీద తెల్లటి అక్షరాలతో 'ఈ నెల లోపంతో పుట్టిన పిల్లలు' అని రాసి, కింద గుమ్మడికాయంత సున్నా వేసి ఉంది. ఆ సున్నాను సుద్దతో వేయలేదు, పెయింటుతో వేయించారు. ఇక మారే ప్రసక్తి లేదన్నమాట.

బొగ్గుబాయిల మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఆ బోర్డు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు చూడగానే అర్థమైంది. బాయి గేటు దగ్గర ఈ నెల ప్రమాదాలు ఎన్ని అని ఒక బోర్డు ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే షిఫ్టు వాళ్ళంతా ఛాతీ విరుచుకుని నడుస్తారు. మా నాయిన కూడా బాయి మనిషే. ఒకసారి వేలు నలిగితే రుమాలు చుట్టుకుని, చేయి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. తన షిఫ్టుకు పేరు పోకూడదట. అమ్మ తిట్టిన తిట్లు వాడకట్టంతా విన్నది.

మా సూపరింటెండెంటు గారు కృష్ణా తీరం నుంచి వచ్చిన డాక్టరు. పెద్దమనిషి, మెత్తని మనసు. హైదరాబాదు నుంచి ఈ కొత్త లెక్క అడుగుతూ కాగితం వచ్చినప్పుడు ఆయనకు బాయి గేటు బోర్డే గుర్తొచ్చింది. అంకె పడితే ఎవరో ఒకరు సంజాయిషీ ఇచ్చుకోవాలి, అంకె పడకపోతే అందరికీ మంచి పేరు. ఆయనకు అర్థమైంది అంతే.

అసలు సంగతి వేరు. అంతకు ముందు పై దేశాల్లో గర్భిణులకు ఒక నిద్రమాత్ర ఇచ్చేవారు. వేవిళ్ళకు కూడా మంచిదన్నారు. దాన్ని మింగిన తల్లులకు చేతులూ కాళ్ళూ సరిగా ఎదగని పిల్లలు పుట్టారు. ఈ ఊళ్ళో ఒకరు, ఆ ఊళ్ళో ఒకరు పుడితే ఎవరికి వారు తమ ఖర్మ అనుకుని ఊరుకున్నారు. అన్నింటినీ ఒకచోట చేర్చి చూసేసరికి చాలా ఆలస్యమైపోయింది. అలాంటిది మళ్ళీ జరగకూడదని కొన్ని దేశాల డాక్టర్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. పుట్టిన ప్రతి బిడ్డనూ తల నుంచి కాలి వేళ్ళ దాకా చూడాలి. లోపం ఉంటే రాయాలి. ఆ లెక్కలు ఒకరికొకరు పంపుకోవాలి. ఎక్కడైనా ఉన్నట్టుండి అంకె పెరిగితే వెంటనే అందరికీ తెలుస్తుంది. హైదరాబాదులో ఒక మెడికల్ కాలేజీ డాక్టరమ్మ మన వైపు దవాఖానల లెక్కలు కూడా కూర్చి వాళ్ళకు పంపే పని నెత్తికెత్తుకున్నారు. ఆ డాక్టరమ్మకు మా దవాఖాన నెలనెలా ఠంచనుగా సున్నా పంపుతూ వచ్చింది.

సూపరింటెండెంటు ఎవరైనా, వార్డులో అసలు అధికారం ఆయాది. అందరూ ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్ళు. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. చెప్పుల దగ్గర ఆమె చండశాసనురాలు. వార్డు గడప దాటి ఎవరి చెప్పూ లోపలికి రాకూడదు. ఒకసారి సూపరింటెండెంటు గారు ఏదో ఆలోచిస్తూ బూట్లతో అడుగు పెట్టబోయారు. "సారూ, నీ కాన్పు ఈడనే అయితే బూట్లతోనే పండబెడ్త. ఇప్పటికైతే ఇడువు," అంది. పాపం ఆయన మేజోళ్ళతో నిలబడి బాలింతలను చూశారు.

ఆమెకు ఇంకో నియమం ఉండేది. పచ్చి బాలింత చెవిన చెడ్డ మాట పడితే పాలు వెనక్కి పోతాయని ఆమె గట్టి నమ్మకం. అందుకని పుట్టిన బిడ్డలో ఏదైనా తేడా కనిపిస్తే మెత్తటి పాత చీర పేలికలో గట్టిగా చుట్టేసి తల్లి పక్కన పడుకోబెట్టేది. తల్లి "మంచిగున్నదా అవ్వా?" అంటే "నిమ్మపండోలె ఉన్నది" అనేది. ఆ మాట అందరి పిల్లలకూ ఒకటే. నేను చేరిన కొత్తలో ఒక బాబుకు ఆరో వేలు కనిపించింది. రాద్దామంటే అవ్వ అడ్డుపడింది.

"ఆరో ఏలుంటె అదృష్టమంటరు. అది లోపమెట్లయితది బిడ్డా?"

సూపరింటెండెంటు గారి దగ్గరికి పోతే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిజమేనమ్మాయ్. అదృష్టాన్ని తీసుకెళ్ళి లోపాల్లో ఎలా రాస్తాం?" అన్నారు. ఆయన లెక్క కోసం, ఆమె పాల కోసం, ఇద్దరూ ఏమీ అనుకోకుండానే ఒక్కటైపోయారు. కొత్తదాన్ని, నా మాటకు బలం లేదు.

వానలు మొదలైన వారంలో డాక్టరమ్మ రైలు దిగి స్వయంగా వచ్చారు. ముందు గడప దగ్గర అవ్వకు దొరికారు, కిమ్మనకుండా చెప్పులు విడిచారు. ఆ తర్వాత తలెత్తి బోర్డు చూశారు. చాలాసేపు చూశారు.

"మా దగ్గర అంతా సవ్యంగా ఉందండీ," అన్నారు సూపరింటెండెంటు గారు, కొంచెం గర్వంగానే.

"ఇన్ని కాన్పులు జరిగే చోట ఒక్కటి కూడా లేదంటే ఎవరూ నమ్మరు సార్," అన్నారు డాక్టరమ్మ నెమ్మదిగా. "మీరు పంపిన కాగితాలు పక్కన పెట్టేశాం. ఇక్కడ పుట్టిన పిల్లలు మా లెక్కలో పుట్టనట్టే."

ఆయన ముఖం వాడిపోయింది. "అంకె వేస్తే జవాబెవరు చెప్తారండీ? వీళ్ళంతా చిన్న ఉద్యోగులు. ఈ అమ్మాయి మొన్ననే చేరింది," అని నా వైపు చూపించారు.

నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఆయన ఆ సున్నాను మా తలల మీద గొడుగులా పట్టుకుని నిలబడ్డారు. అంతకు ముందు రోజు దాకా ఆయన్ను మనసులో ఎన్ని మాటలనుకున్నానో, అన్నీ వెనక్కి తీసుకున్నాను.

"ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. ఇందులో ఎవరి తప్పూ వెతకం," అన్నారు డాక్టరమ్మ. తర్వాత వార్డంతా తిరుగుతూ, నాకు చెప్తున్నట్టుగా ఇంకో మాట అన్నారు. "రాస్తే మీ పిల్లలకూ పనికొస్తుంది. పాదాలు లోపలికి మడుచుకుపోయి పుట్టేవాళ్ళున్నారు చూడండి, వాళ్ళను మొదటి వారాల్లోనే పంపాలి. వరంగల్లో నాకు తెలిసిన ఎముకల డాక్టరున్నారు. ఎముక లేతగా ఉన్నప్పుడు చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ సిమెంటు కట్టు వేస్తే చాలావరకు సరవుతాయి. నెలలు గడిస్తే కష్టం. ఇంకా పెద్దయితే కత్తి పెట్టాల్సిందే."

గిన్నెలు తుడుస్తున్న అవ్వ చేయి ఆగిపోవడం నేను చూశాను.

డాక్టరమ్మ తిరుగు రైలు మరుసటి రోజు మధ్యాహ్నం. ఆమె అతిథిగృహానికి వెళ్ళగానే నేను ఒక్కొక్క పసిగుడ్డునూ విప్పి చూడడం మొదలుపెట్టాను. మూల మంచం దగ్గరికి పోయేసరికి అవ్వ నా చేయి పట్టుకుంది. ఆ మంచం మీద ఒక కోల్ ఫిల్లర్ భార్య ఉంది. కోల్ ఫిల్లరంటే బాయిలో బొగ్గును టబ్బులకు ఎత్తే మనిషి. ఆ పిల్లకు ఇరవై ఏళ్ళు నిండాయో లేదో. తల్లి లేదు కాబట్టి పుట్టింటికి పోకుండా మా దగ్గరే పురుడు పోసుకుంది. ఆడబిడ్డ. తల్లి నిద్రపోతోంది.

"గామెను లేపకు," అంది అవ్వ.

"కాళ్ళేనా అవ్వా?"

అవ్వ తల వంచుకుంది. నేను పేలిక అంచు ఎత్తి చూశాను. రెండు చిన్న పాదాలు, అరికాళ్ళు ఒకదానికొకటి ఎదురుగా, దండం పెడుతున్నట్టు లోపలికి తిరిగి ఉన్నాయి.

"చెప్పాలె అవ్వా. రేపు పొద్దుగాల అత్తగారింటికి పోతున్నరు. అది గోదావరి అవతల. వాన ముదిరితే నావ నడువది. మల్ల ఎప్పుడొస్తరు?"

"నాల్గు దినాలు ఆగు బిడ్డా. పాలు పడనీ. పాలు లేక సచ్చిపోయిన పిల్లలను నేను ఈ చేతులతోని సాగనంపిన. వంకర కాళ్ళతోని బతికినోళ్ళను సుత సూసిన. బతుకుడు ముందు కదా."

ఆమె మాటలో మొండితనం లేదు, భయం ఉంది. ఆ పెద్ద చేతుల వైపు చూస్తూ నేను వాదించలేకపోయాను. "నాల్గు దినాలు మన చేతుల లేవు అవ్వా," అన్నాను.

"అయితే నువ్వే చెప్పు. నా నోటితోని చెప్ప," అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున మూడో షిఫ్టు దిగి భర్త నేరుగా వచ్చాడు. కనురెప్పల అంచున బొగ్గు అలాగే ఉంది. గేటు దగ్గర ఎడ్లబండి సిద్ధంగా ఉంది. ముందు ఆయనకు చెప్పడమే మేలనుకుని వరండాలోకి పిలిచాను. గొంతు సవరించుకుని, "అన్నా, నీకొక మాట చెప్పాలె," అన్నాను.

"కాళ్ళ సంగతేనా అక్కా?"

"నీకెవరు చెప్పిన్రు?" అన్నాను.

"నిన్న అవ్వ నీళ్ళు పోస్తాంటె కిటికీలకెల్లి సూసిన. ఆమెకు చెప్పకుండ్రి. తల్లి లేని పిల్ల. ఊరికి తీస్కపోతె మా అమ్మ నిమ్మళంగ చెప్తది. పాలు ఎండిపోతె పోరి బతుకదు."

ఆయన కూడా అదే మాట. నేను డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. కట్టు సంగతి, లేత ఎముక సంగతి, కత్తి సంగతి. ఆయన గోడకు ఆనుకుని అంతా విని, చివరికి ఒక్కటే అడిగాడు.

"నడుస్తదా అక్కా?"

"ఇప్పుడు పోతె చానవరకు నడుస్తరని డాక్టరమ్మ అంటున్నది. వానలు తగ్గినంక పోతె ఏమైతదో చెప్పలేను."

ఆయన బండి వైపు చూశాడు. ఇంతలో వార్డులోంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. "గక్కడ గుసగుసలేంది? నాకు ఇనబడ్తనే ఉన్నయి. లోపలికి రాండ్రి."

వెళ్ళి చూస్తే పేలిక విప్పేసి, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, ఆ రెండు పాదాలనూ అరచేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఫస్టు పాలిచ్చిన్నాడే తడిమి సూసిన," అంది.

"మరి నాకు చెప్పవైతివి?" అన్నాడు భర్త.

"నువ్వు బాయిలకు దిగేటోనివి. మనసుల ఇది పెట్టుకొని దిగితె పైన బండ ఏడ సూస్తవు? అవ్వకు చెప్తె నీ చెవిల పడ్తదని ఆమెకు సుత చెప్పలే. నేనే మల్ల గట్టిగ చుట్టిన."

ఆ వార్డులో ముగ్గురు మనుషులు ఒకే పేలికను ఒకరికి తెలియకుండా ఒకరు బిగించి కట్టారు. అందరిదీ ప్రేమే. ఆ ప్రేమంతా కలిసి ఆ పసిదాన్ని నది దాటించేసేది. ఇప్పటికీ తలచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి.

అవ్వ నీళ్ళ బేసిన్ చంకన పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. "పాలు?" అని మాత్రం అడిగింది.

"పాలకేమైంది అవ్వా, రయికె తడుస్తనే ఉన్నది," అంది ఆ పిల్ల.

అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఎవరో పొగ పెట్టారని విసుక్కుంది. పొగ ఎక్కడా లేదు.

అలికిడి విని సూపరింటెండెంటు గారు వచ్చారు. ఎవరూ చెప్పకుండానే బూట్లు విడిచారు. బిడ్డ పాదాన్ని బొటనవేలితో నిమిరి, కొంచెం తిప్పి చూశారు. లేత పాదం ఆయన వేలు చెప్పినట్టు కాస్త వంగి, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయింది. "నా బోర్డు కిందే పుట్టావన్నమాట," అన్నారు బిడ్డతో, చాలా చిన్న గొంతుతో. ఆ మీదట ఆయన చకచకా కదిలారు. బండిని స్టేషనుకు మళ్ళించమన్నారు, అతిథిగృహానికి కబురు పంపారు.

భర్త ఆయన్ను ఆపాడు. "సారూ, మా పిల్లను రాస్తరా?"

"రాయాలి నాయనా. పేరు రాయం. ఒకటి అని రాస్తాం, అంతే."

"అది ఏడికి పోతది?"

"హైదరాబాదుకు. అక్కణ్ణుంచి పై దేశాలకు."

"నేను కరీంనగర్ దాటి పోలే. నా బిడ్డ పుట్టంగనే ఫారిన్ పోతాంది," అని భార్య వైపు చూసి నవ్వాడు. "రాయుండ్రి సారూ. మంచిగ రాయుండ్రి."

ఆ మధ్యాహ్నం రైల్లో డాక్టరమ్మతో పాటు తల్లీబిడ్డలు వరంగల్ వెళ్ళారు. వెంట అవ్వ కూడా వెళ్ళింది. ఎన్నో ఏళ్ళలో ఆమె వార్డు వదలడం అదే మొదలట. వెళ్తూ వెళ్తూ చెప్పుల సంగతి నాకు అప్పగించింది.

సూపరింటెండెంటు గారు కిరసనాయిలు గుడ్డతో సున్నాను తుడవబోయారు. అది పోలేదు, అలికినట్టయింది. చివరికి బోర్డునే పీకేయించి స్టోరు గదిలో పడేయించారు. ఆ నెల కాగితం మీద ఆయన స్వయంగా ఒకటి వేశారు. వేసి, దాన్ని ఒకసారి చూసుకుని, పక్కన సంతకం పెట్టారు. తర్వాత నెలల్లో ఆరో వేళ్ళు వచ్చాయి, గ్రహణం మొర్రి వచ్చింది, మేము ఏమీ చేయలేని సంగతులు కూడా వచ్చాయి. కొందరు పిల్లలు దక్కలేదు. కాగితం పంపిన ప్రతిసారీ ఆయన ఒక వారం పాటు సంజాయిషీ లేఖ వస్తుందేమోనని టపా వైపు అనుమానంగా చూసేవారు. అలాంటిదేమీ రాలేదు.

ఆ అంకెల వల్ల ప్రపంచంలో ఏ చెడ్డ మాత్ర ఆగిందో నాకు తెలియదు. ఒకసారి డాక్టరమ్మనే అడిగాను. "ఈ ఏడు ఏమీ పెరగలేదని తెలిసింది కదా, దానికోసమే ఇంత చాకిరీ," అని నవ్వారు. ఆ మాట జీర్ణం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. పిల్లలూ, మీకు కూడా పడుతుంది.

ఆ బిడ్డకు కట్టు మీద కట్టు మారుస్తూ వానాకాలం గడిచింది, చలికాలం గడిచింది. తల్లి ప్రతిసారీ రైలెక్కి పోయింది. ఒక్కసారి కూడా మానలేదు. కట్లు విప్పాక పాదాలు మళ్ళీ లోపలికి తిరగకుండా, పడుకునేటప్పుడు రెండు చిన్న బూట్లు తొడిగి వాటి మధ్య ఒక చెక్కపట్టీ బిగించాలి. ఇచ్చిన పట్టీ కొన్నాళ్ళకే విరిగింది. అది విన్న సూపరింటెండెంటు గారు స్టోరులోని బోర్డును బయటికి తీయించారు. బాయి కప్పు కింద దుంగలు నిలబెట్టే టింబర్‌మాన్ ఒకడు ఆ బిడ్డ తండ్రికి దోస్తు. అతను ఆ చెక్కను కోసి, చిత్రిక పట్టి పట్టీ చేశాడు. ఒక వైపు మాత్రం పెయింటు గీకలేదు. పిల్ల మంచం మీద రెండు కాళ్ళూ ఎత్తి తన్నుతుంటే పట్టీ అడుగున తెల్లటి సున్నా ముక్క కనిపించేది.

పిల్ల పుట్టిన రెండేళ్ళకు మళ్ళీ వానాకాలం వచ్చింది. ఒక రోజు నేను, సూపరింటెండెంటు గారు వార్డు గడప దగ్గర ఉన్నాం. ఆయన అప్పుడే ఒక బూటు విడిచి, రెండోది విప్పుతున్నారు. ఆ తండ్రి కూతుర్ని వేలు పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. పిల్ల కాళ్ళకు ఎర్రటి కొత్త చెప్పులు, వాటి నిండా బురద.

"అందరు పిల్లలకు ఏసినట్టే రెండు కాళ్ళకు ఒక్కటే సైజు జోడు దొరికింది అక్కా," అన్నాడు.

గడప దగ్గర పిల్ల ఆగింది. "చెప్పులిడువు బిడ్డా," అన్నాడు తండ్రి.

"ఇడువ."

లోపలి నుంచి అవ్వ తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. అవ్వ ముందు బురద చూసింది, తర్వాత పాదాలు చూసింది. రెండూ ముందుకే చూస్తూ, నేల మీద నిండుగా ఆని ఉన్నాయి. ఆమె పక్కకు జరిగింది.

"రానీ," అంది.

"అయితే నేను కూడా అవ్వా?" అన్నారు సూపరింటెండెంటు గారు, విప్పిన బూటు చేత్తో పట్టుకుని.

"నువ్వు ఇడిసి రా సారూ."

పిల్ల చెప్పులు టపటపలాడించుకుంటూ వార్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పోయింది. వెనకాలే అవ్వ తుడవడానికి వంగింది. తెల్లటి నేల మీద చిన్న చిన్న బురద గుర్తులు, ఒకదాని పక్కన ఒకటి, తిన్నగా పోతున్నాయి. అవ్వ కాసేపు వాటినే చూసి, గుడ్డ భుజాన వేసుకుని లేచింది. ఆ పూట వార్డు తుడవలేదు.